కాంతి చికిత్స పొందే పసికందులకు సూదిపోటు లేని కామెర్ల పరీక్ష

నవజాత శిశువులలో కామెర్లు సర్వసాధారణంగా కనిపించే లక్షణం. నెలలు నిండి పుట్టినవారిలో ప్రతి వంద మందికి సుమారు 60 మందిలోను, నెలలు నిండకుండా పుట్టినవారిలో సుమారు 80 మందిలోను మొదటి వారంలోనే చర్మం, కళ్ళు పచ్చబడతాయి. వీరిలో అత్యధికులకు ఎటువంటి చికిత్స అవసరం ఉండదు. అయితే కొద్దిమందిలో బిలిరుబిన్ అనే పసుపు వర్ణ పదార్థం రక్తంలో హద్దు మీరి మెదడుకు చేరుతుంది. అప్పుడు వినికిడి లోపం, అవయవాల కదలికలపై అదుపు తప్పడం వంటి శాశ్వత వైకల్యాలు ఏర్పడతాయి. ఒక్కొక్కసారి ప్రాణానికే ముప్పు వాటిల్లుతుంది. సకాలంలో గుర్తించి చికిత్స చేయిస్తే ఈ వైకల్యాన్ని చాలావరకు నివారించవచ్చు.

సాధారణ కాన్పు జరిగిన రెండు రోజులకు తల్లీబిడ్డలను ఇంటికి పంపడం పరిపాటి. బిలిరుబిన్ గరిష్ఠ స్థాయికి చేరేది మాత్రం 3 నుండి 5 రోజుల మధ్య. అంటే బిడ్డ ఆసుపత్రిలో గాక, గోదావరి పాయల నడుమ ఏ లంక గ్రామంలోనో అమ్మమ్మగారింట ఉన్న సమయంలోనే ప్రమాదం పొంచి ఉంటుంది. వరదల కాలంలో రేవు దాటి రావడమే కష్టమైన ఊళ్ళలో ఒక్క రోజు జాప్యమైనా నష్టం కలిగించవచ్చు.

ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమైనపుడు బిలిరుబిన్ తయారవుతుంది. దానిని బయటకు పంపే శక్తి పసిబిడ్డ కాలేయానికి ఇంకా పూర్తిగా అలవడదు. నీలి కాంతి ఈ లోటును పూరిస్తుంది. సుమారు 460 నుండి 490 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతి చర్మంపై పడినపుడు బిలిరుబిన్ అణువుల ఆకృతి మారి, కాలేయంలో మార్పు చెందనవసరం లేకుండానే పైత్యరసం, మూత్రం ద్వారా వెలుపలికి పోతుంది.

ఈ చికిత్సకు మూలం ఒక నర్సు సునిశిత పరిశీలన. ఇంగ్లాండులోని రోచ్‌ఫర్డ్ జనరల్ ఆసుపత్రిలో 1956లో సిస్టర్ జీన్ వార్డ్ నెలలు నిండని బిడ్డలను కొద్దిసేపు ఆరుబయట వెలుతురులో ఉంచేవారు. ఒక బిడ్డ శరీరమంతా పసుపు తగ్గగా, దుప్పటి అంచు కప్పిన త్రికోణాకారపు చోట మాత్రం పసుపు చెక్కుచెదరక నిలిచింది. దీని ఆధారంగా డాక్టర్ క్రెమర్, ఆయన సహచరులు జరిపిన పరిశోధన 1958లో లాన్సెట్ పత్రికలో వెలువడింది.

చికిత్స సాగుతున్నంతకాలం బిలిరుబిన్ ఎంత తగ్గిందో తెలుసుకుంటూ ఉండాలి. ఇందుకు మడమకు సూది గుచ్చి రక్తం తీస్తారు. రెండున్నర కిలోల బిడ్డ శరీరంలో ఉండే రక్తం సుమారు 200 మిల్లీలీటర్లు మాత్రమే. పదే పదే రక్తం తీయడం బిడ్డకు బాధాకరం. నెలలు నిండని శిశువులలో రక్తహీనతకూ దారితీయవచ్చు.

దీనికి ప్రత్యామ్నాయంగా వచ్చినదే చర్మంపై ఆనించి చూసే బిలిరుబిన్ మాపకం. జపాన్ వైద్యులు ఈ పరికరాన్ని గూర్చి 1980లో ప్రకటించారు. దీనిని నుదుటిపై గాని, రొమ్ము ఎముకపై గాని ఆనిస్తే ఒక మెరుపు కాంతి చర్మంలోకి ప్రవేశించి తిరిగి వస్తుంది. తిరిగి వచ్చిన కాంతిలో నీలి వర్ణం ఎంత తగ్గిందో లెక్కించి, పరికరం క్షణాలలో బిలిరుబిన్ అంచనాను చూపుతుంది.

అయితే కాంతి చికిత్సలో ఉన్న బిడ్డ విషయంలో ఒక చిక్కు ఉన్నది. వెలుగు సోకిన చర్మం రక్తం కంటే ముందుగా తన పసుపును కోల్పోతుంది. అందువలన పరికరం అసలు కంటే తక్కువ అంకెను చూపవచ్చు. కంటితో చూసి అంచనా వేయడమూ ఈ కారణంగానే నమ్మదగినది కాదు. దీనికి పరిష్కారం ఆనాటి దుప్పటి అంచులోనే దొరికింది. చికిత్సకు ముందే నుదుటిపైనో, రొమ్ముపైనో కాంతి చొరని చిన్న పట్టీ అతికించి, కొలిచేటపుడు దానిని ఎత్తి ఆ చోటనే చూస్తారు. వెలుగు సోకిన చోటు కంటే ఇక్కడి కొలత రక్త పరీక్షకు సన్నిహితంగా ఉంటుంది.

అయినప్పటికీ ఇది రక్త పరీక్షకు పూర్తి ప్రత్యామ్నాయం కాదు. చికిత్స పొందుతున్న బిడ్డలకు రక్త పరీక్షనే ప్రమాణంగా తీసుకోవాలని బ్రిటన్ 2010 మార్గదర్శకాలు పేర్కొన్నాయి. చికిత్స ఆపి కనీసం 24 గంటలు గడిచిన తరువాత చర్మ పరీక్షను వాడవచ్చని అమెరికా శిశువైద్య అకాడమీ 2022లో సూచించింది. చర్మ పరీక్షలో 15 మిల్లీగ్రాములు గాని, అంతకు మించి గాని కనిపిస్తే రక్త పరీక్షతో నిర్ధారించుకోవాలని కూడా తెలిపింది.

తల్లిదండ్రులు కొన్ని విషయాలు గమనించాలి. పుట్టిన 24 గంటలలోపే పచ్చబడినా, అరచేతులు, అరికాళ్ళకు పసుపు పాకినా, బిడ్డ పాలు తాగక మత్తుగా ఉన్నా, కీచుగా ఏడ్చినా, మెడ వెనుకకు విరుచుకున్నా, మలం తెల్లగా వచ్చినా, రెండు వారాలు దాటినా కామెర్లు తగ్గకున్నా తక్షణం ఆసుపత్రికి చేర్చాలి. నలుగులో పసుపు కలిపి పూస్తే అసలు రంగు మరుగున పడుతుంది. బట్టలలో కలరా ఉండలు ఉంచరాదు. జీ6పీడీ అనే ఎంజైము లోపం గల శిశువులలో అవి రక్తకణాలను వేగంగా విచ్ఛిన్నం చేస్తాయి. ఉదయపు ఎండ, పసరు మందులు, వాతలు చికిత్సకు సాటిరావు. తల్లిపాలు మాత్రం ఎట్టి పరిస్థితిలోను మానరాదు.

ఇంటికి వచ్చే ఆశా కార్యకర్తకు బిడ్డను పగటి వెలుతురులో చూపించాలి. 2011లో ప్రారంభమైన జననీ శిశు సురక్ష కార్యక్రమం క్రింద ప్రభుత్వాసుపత్రులలో అస్వస్థులైన నవజాత శిశువులకు పరీక్షలు, మందులు, చికిత్స, రవాణా ఉచితం. అత్యవసర సమయాలలో 108 వాహన సేవలను వినియోగించుకోగలరు.