రన్నింగ్ స్టాఫ్ కానివాడి పరుగు విశేషాలు

ఛత్తీస్‌గఢ్‌లో మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఎవరితోనైనా "నేను రన్నింగ్‌లో ఉన్నానండీ" అని చూడండి. "గూడ్సా, మెయిలా?" అని అడుగుతారు. ఇక్కడ రన్నింగ్ అంటే బండి నడిపేవాళ్ళ సంగతి. లోకో పైలట్లు, వాళ్ళ అసిస్టెంట్లు, గార్డులు, అందరినీ కలిపి రన్నింగ్ స్టాఫ్ అంటారు. (గార్డుని 2022 నుంచి ట్రైన్ మేనేజర్ అనాలి. మా వీధిలో ఆ మాట ఇంకా ఎవరి నోరూ తిరగలేదు.) బయటి ఊళ్ళో డ్యూటీ దిగి వాళ్ళు పడుకునేది రన్నింగ్ రూములో. జీతంతో పాటు అందేది రన్నింగ్ అలవెన్సు, అదీ తిరిగిన కిలోమీటర్ల లెక్కన.

నేను ఆఫీసు బాపతు. ఫైళ్ళు తప్ప దేన్నీ నడిపి ఎరగను. డాక్టరు చెప్పాడని, తిఫ్రాలో మా ఇంటి నుంచి ఓవర్‌బ్రిడ్జి దాకా మొదలుపెట్టి, తొమ్మిది వారాల్లో ఐదు కిలోమీటర్లు ఆగకుండా పరిగెత్తగలిగాను. ఆ సంగతి గొప్పగా చెప్తే, పక్కింటి రిటైర్డ్ గార్డు బాబాయి "బాగుంది బాబూ, కిలోమీటరుకి ఎంత ఇస్తన్నారు?" అన్నాడు. పదో వారంలో నేను మంచం దిగలేదు. ఈ విశేషాలన్నీ ఆ పదో వారం పుణ్యమే.

★

ఆ తొమ్మిది వారాల పాఠానికి మొదటి విద్యార్థిని ఒక అమ్మ. 1996లో అమెరికాలో జోష్ క్లార్క్ అనే పాతికేళ్ళ కుర్రాడు, యాభై దాటిన వాళ్ళమ్మ చేత పరుగు తీయించాలని దీన్ని అల్లాడు. సోఫాలో కూర్చున్నవాళ్ళని ఐదు కిలోమీటర్ల దాకా తీసుకెళ్తుంది కాబట్టి 'కౌచ్ టు ఫైవ్ కే' అని పేరు. మొదటి వారం పిల్లలాటలా ఉంటుంది. ఐదు నిమిషాలు చురుగ్గా నడక, ఆపైన అరవై సెకన్లు పరుగు, తొంభై సెకన్లు నడక, మళ్ళీ పరుగు, అలా ఇరవై నిమిషాలు. వారానికి మూడు రోజులే.

మూడు తొమ్మిదులు ఇరవై ఏడు. అశ్విని నుంచి రేవతి దాకా నక్షత్రాలు ఎన్నో, ఈ పాఠంలో పరుగులు సరిగ్గా అన్ని. రేవతి దాటగానే పంచాంగంలో మళ్ళీ అశ్విని వస్తుంది. ఇక్కడ మాత్రం ఇరవై ఎనిమిదో గడి ఖాళీ.

★

ఏదైనా 21 రోజులు చేస్తే అలవాటైపోతుందంటారు కదా. ఆ మాట మూలం వెతికితే ఒక ప్లాస్టిక్ సర్జన్ దగ్గర తేలుతుంది. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ఆయన, ఆపరేషన్ అయ్యాక అద్దంలో కొత్త ముఖానికి అలవాటుపడటానికి మనుషులకు కనీసం 21 రోజులు పడుతోందని 1960లో తన పుస్తకంలో రాశాడు. నోటినోటా తిరిగేసరికి 'కనీసం' రాలిపోయింది, ముఖమూ రాలిపోయింది, 21 మిగిలింది.

నిజంగా లెక్క తీసినవాళ్ళు లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం. 96 మందికి తలో కొత్త అలవాటు పెట్టుకోమని చెప్పి 84 రోజులు గమనించి, 2009లో ఫలితాలు ప్రకటించారు. అలవాటు తనంతట తాను జరిగిపోయే స్థితికి సగటున 66 రోజులు పట్టింది. ఒకరికి 18 రోజులే, ఇంకొకరికి లెక్క ప్రకారం 254. భోజనంతో పాటు నీళ్ళు తాగడంలాంటివి తొందరగా ఒంటబట్టాయి, వ్యాయామానికి ఒకటిన్నర రెట్లు ఎక్కువ కాలం పట్టింది. తొమ్మిది వారాలంటే 63 రోజులు. అంటే సగటు మనిషికి కూడా అలవాటు అయ్యేలోపే పాఠం అయిపోతోంది! మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన కొంప మునగదని కూడా వాళ్ళు తేల్చారు. నాకు బాగా నచ్చింది ఆ ముక్కే.

మన దీక్షలు గుర్తుకు తెచ్చుకోండి. అయ్యప్ప మాల వేసుకుని నలభై ఒక్క రోజులు తెల్లవారుజామున చన్నీళ్ళు పోసుకున్న మనిషి, మాల తీసిన మర్నాడు గీజరు వేస్తాడు. భక్తి తగ్గి కాదు, దీక్షకి ఒక ఆఖరి రోజు ఉంటుంది గనక. నేను పరుగుని దీక్షలా పట్టాను. ఆఖరి రోజు ఫొటో తీయించుకున్నాను కూడా. డ్యూటీకి అలాంటి ఆఖరి రోజు ఉండదు. అది రైల్వే ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు.

★

కాల్ బాయ్ అనే ఉద్యోగం ఒకటుండేదని ఈ తరం పిల్లలకి తెలియదు. ఇళ్ళల్లో ఫోన్లు లేని రోజుల్లో, బండి ఎక్కాల్సిన డ్రైవరునీ గార్డునీ పిలవడానికి మనిషి వచ్చేవాడు. గార్డు బాబాయి చెప్తుంటే కళ్ళకి కట్టినట్టుంటుంది. రాత్రి రెండు గంటలకి కోటరు ముందు సైకిలు స్టాండు వేసిన చప్పుడు, తలుపు మీద మూడు దెబ్బలు, సంకలోంచి తీసిన కాల్ బుక్కు. బండి నంబరు, సైన్ ఆన్ టైము చూపించి వేలు పెట్టిన చోట సంతకం చేయించుకునేవాడు. నిద్రమత్తులో చేసిన సంతకాలు తేలు పాకినట్టు ఉండేవట. సంతకం పడ్డాక మళ్ళీ పడుకోవడం అన్నది లేదు. పిన్ని లేచి అప్పటికే పొయ్యి అంటించేది.

"వెళ్ళబుద్ధి కాకపోతే ఏం చేసేవారు బాబాయ్?" అన్నాను.

"బుద్ధేటి? కాల్ వచ్చిందంటే ఎల్లడమే. నా బుద్ధిని ఎవలు అడిగినారు?"

అక్కడితో ఊరుకోలేదాయన. మనవడి నోటు పుస్తకంలో మిగిలిన కాగితాలకి గళ్ళు కొట్టి తేదీ, టైము, సంతకం అని రాశాడు. సోమ, బుధ, శుక్రవారాలు పావు తక్కువ ఐదుకి మా గేటు గొళ్ళెం మోగుతుంది. ఆయన పరిగెత్తడు, మోకాళ్ళు అరిగిపోయాయి. సంతకం చేయించుకుని వెళ్ళి టీ పెట్టుకుంటాడు. పట్టుదల పెంచుకోవడం మీద నేను చూసిన వీడియోలన్నీ కలిపినా ఆ గొళ్ళెం చప్పుడుకి సాటిరావు. సెలవు కావాలంటే ముందురోజే చెప్పాలి, అది కూడా కారణంతో.

★

ఇలాంటి గేటు చప్పుడే ప్రపంచమంతా పాకింది ఒకటుంది. 2004 అక్టోబర్ 2న, మనం గాంధీ జయంతి సెలవులో ఉండగా, లండన్ బుషీ పార్కులో పాల్ సింటన్ హ్యూయిట్ అనే ఆయన పిలిస్తే పదముగ్గురు వచ్చి ఐదు కిలోమీటర్లు పరిగెత్తారు. అప్పటికి ఆయనకి దెబ్బ తగిలి తాను పరిగెత్తలేని స్థితి. ఇప్పుడది పార్క్‌రన్. ప్రతి శనివారం ఉదయం, అదే చోట, అదే సమయం, పైసా రుసుము లేదు. పరుగు మానినవాళ్ళని తిరిగి రప్పించేది పతకం కన్నా "పోయిన శనివారం కనిపించలేదేం?" అన్న ప్రశ్నేనని నా అనుమానం.

★

బిలాస్‌పూర్, కాకినాడ దాదాపు ఒకే నిలువు గీత మీద ఉన్నాయి. రెండూ మన గడియారాలకు ఆధారమైన 82½ డిగ్రీల రేఖాంశానికి కూతవేటు దూరంలోనివే. అంచేత ఇక్కడ గడియారమూ సూర్యుడూ అబద్ధమాడుకోరు. ఎండాకాలంలో హైదరాబాద్ కన్నా పావుగంటకి పైగా ముందే తెల్లారుతుంది. హైదరాబాదులో ఉన్న మా బావమరిది "ఇంకా చీకటి" అనే వేళకి నాకు చెమట కూడా ఆరిపోతుంది.

★

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మనవాళ్ళ మాట. ఇక్కడివాళ్ళు అదే ఎండని నౌతపా అంటారు. సూర్యుడు రోహిణిలో అడుగుపెట్టిన తొమ్మిది రోజులు, అంటే మే 25 ప్రాంతం నుంచి. లెక్క ఒకటే, పేరే వేరు. ఆ రోజుల్లో తిఫ్రా రోడ్డు మీద ఏడు దాటాక పరిగెత్తడం పట్టుదల అనిపించుకోదు. మానేస్తే మరి కష్టపడి సంపాదించిందంతా పోతుందా?

పోతుంది, కొంత. 1984లో ఎడ్వర్డ్ కోయల్ బృందం బాగా సాధన చేసినవాళ్ళని ఆపించి చూసింది. ఒంటికి ప్రాణవాయువుని వాడుకునే శక్తి మూడు వారాల్లో 7 శాతం తగ్గింది, ఎనిమిది వారాలకి 16 శాతం దగ్గర నిలిచింది. ఊరట కలిగించే సంగతి అంతకుముందే 1981లో హిక్సన్ చెప్పాడు. పది వారాలు, వారానికి ఆరు రోజులు కష్టపడినవాళ్ళు, ఆ తర్వాత అదే జోరుతో రెండు రోజులే చేసినా ఆ శక్తి పదిహేను వారాలు చెక్కుచెదరలేదు. ఇల్లు కట్టడానికి పట్టినంత ఖర్చు సున్నం వేయించడానికి పట్టదు కదా. నౌతపాలో నాకు బాబాయి వారానికి రెండు సంతకాలే పెట్టాడు, అదీ నాలుగున్నరకి.

★

చద్దన్నానికి ఇక్కడ బోరే బాసి అని పేరు. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచి, పొద్దున్న ఉప్పు వేసి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో తింటారు. 2022 మే 1న, కార్మిక దినోత్సవం నాడు, అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ రాష్ట్రమంతా బోరే బాసి తినమని పిలుపిచ్చాడు. మా అమ్మమ్మ శ్రీకాకుళంలో తరవాణి కుండతో ఆ పని జీవితాంతం చేసింది, పిలుపేమీ లేకుండానే. ఎండల్లో పరిగెత్తి వచ్చాక నీళ్ళూ ఉప్పూ ఒకే గిన్నెలో దొరికితే ఇంకేం కావాలి.

★

పరుగు ముగిశాక ఒళ్ళు తేలికై, ఊరికే నవ్వొస్తుంది. దీన్ని ఎండార్ఫిన్ల చలవ అని ఎన్నాళ్ళో అనుకున్నారు. 2021లో జర్మనీ పరిశోధకులు 63 మందితో ఒక పరీక్ష చేశారు. ఎండార్ఫిన్ల దారిని మందుతో మూసేసినా ఆ హాయి తగ్గలేదు. రక్తంలో పెరిగింది అనండమైడ్ జాతి పదార్థాలు. 1992లో జెరూసలేంలో అనండమైడ్‌ని కనిపెట్టినవాళ్ళు పేరు కోసం సంస్కృతం దగ్గరికొచ్చారు. ఆనందం అన్న మాట మనం రోజూ వాడేదే! మొదటి నాలుగు వారాలూ నాకు ఆనందమూ లేదు, మైడూ లేదు. పిక్కలు పట్టేయడమే.

★

ఓవర్‌బ్రిడ్జి ఎక్కి రొప్పుతూ కిందికి చూస్తే, వారానికి రెండు మూడుసార్లు కీమాన్ కనిపిస్తాడు. భుజాన సుత్తి, చేతిలో స్పానరు, చంకలో చుట్టిన ఎర్రజెండా, పచ్చజెండా. నాలుగడుగులు వేస్తాడు, ఆగుతాడు, వదులైన క్లిప్పుని ఒక్క దెబ్బతో లోపలికి కొడతాడు. ఖణేల్‌మన్న చప్పుడు పైకి వినిపిస్తుంది. తన బీటులో వెళ్ళేటప్పుడు ఒక పట్టా, వచ్చేటప్పుడు రెండో పట్టా. వానైనా మంచైనా రోజూ కొన్ని కిలోమీటర్లు. ఎన్ని అడుగులయ్యాయో ఆయన చేతికి వాచీ పెట్టి లెక్కపెట్టినవాళ్ళు లేరు. 1887లో పుట్టిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే లైన్లు ఇటు బిలాస్‌పూర్‌కీ, అటు వాల్తేరుకీ చేరబట్టే ఉత్తరాంధ్ర మనుషులు గ్యాంగుల్లో ఇంత దూరం వచ్చారు. మా తాత వాళ్ళలో ఒకడు.

అన్నట్టు, చదునుగా ఉంది కదా అని పట్టాల పక్కన పరుగుకి దిగకండి. 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద అనుమతి లేకుండా అక్కడ అడుగుపెడితే ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా. కీమాన్‌కి అది డ్యూటీ, మనకి నేరం.

★

2022లో మొదలైన ఛత్తీస్‌గఢియా ఒలింపిక్స్‌లో నలభై దాటినవాళ్ళకి వేరే విభాగం పెట్టారు. వంద మీటర్ల పరుగుతో పాటు గేడీ, అంటే వెదురు కర్రకాళ్ళ మీద పరుగు కూడా అందులో ఒక పోటీగా ఉండేది. బస్తర్ వైపు నారాయణ్‌పూర్ నుంచి బాసింగ్ దాకా 21 కిలోమీటర్ల అబూజ్‌మాడ్ పీస్ మారథాన్ జరుగుతుంది. బైలాడిలాలో ఇనుప ఖనిజం తవ్వే ఎన్‌ఎండీసీ పేరు ఈమధ్య హైదరాబాద్ మారథాన్ ముందు చేరింది. విశాఖలో బీచ్ రోడ్డు మీద నేవీ మారథాన్ ఉంది, అందులో నాబోటివాళ్ళకి ఐదు కిలోమీటర్లూ, పది కిలోమీటర్లూ ఉన్నాయి.

నా కన్ను ఆ పది మీద పడింది. మా ఊరు చదును, ఎత్తంటే తిఫ్రా ఓవర్‌బ్రిడ్జే. కూరగాయల మండీ లారీలు జోరందుకోకముందే దాన్ని నాలుగుసార్లు ఎక్కి దిగుతున్నాను. కోర్బా విశాఖ బండి ఎలాగూ బిలాస్‌పూర్ మీదుగానే పోతుంది. ఏడాదికి నాకొచ్చేవి మూడు సెట్ల పాసులు. ఒకటి తిరుపతికి, ఒకటి అత్తగారి ఊరికి ఎప్పుడూ పోతాయి. మూడోది పరుగుకని అప్లికేషన్ రాసి సొరుగులో పెట్టాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు. బాబాయికి చెప్తే పుస్తకంలో కొత్త గడి గీసి, "స్పెషల్" అని రాసుకున్నాడు.