కారు స్టీరియోలో రిలే పనేమిటి?

కారులో కొత్త స్టీరియో సెట్టు బిగించాక కొందరికి ఆశ అంతటితో ఆగదు. ఆంప్లిఫయర్, దాన్ని చల్లబరిచే ఫాన్లు, మోటారుతో పైకి లేచే ఏరియల్ ఒక్కొక్కటే తగిలిస్తూ పోతారు. కొన్నాళ్ళు అంతా సజావుగానే సాగుతుంది. ఒకనాడు సెట్టు వెలుగుతుంది గాని పాట వినిపించదు. విప్పి చూస్తే లోపల చిన్న ట్రాన్సిస్టర్ ఒకటి మాడిపోయి ఉంటుంది. ఎందుకిలా జరుగుతుంది?

సెట్టు వెనుక ఉన్న తీగల కట్టను చూడండి. సాధారణంగా పసుపు తీగ బాటరీకి, ఎరుపు తీగ తాళంచెవి తిప్పితే వచ్చే కరెంటుకు, నలుపు తీగ కారు బాడీకి కలుపుతారు. వీటితోపాటు నీలం మీద తెల్లచార ఉన్న తీగ ఒకటుంటుంది. సెట్టు ఆన్ చేయగానే దీనిలోకి సుమారు 12 వోల్టులు వస్తాయి. 'నేను మేలుకున్నాను, నువ్వూ మేలుకో' అని ఆంప్లిఫయర్‌కు కబురు చెప్పడమే ఈ తీగ పని. ఆంప్లిఫయర్‌ను నడిపే అసలు కరెంటు దీనిగుండా పోదు. అది బాటరీ నుంచి లావుపాటి తీగలో నేరుగా వెళుతుంది.

కబురు మోసేవాడి నెత్తిన బస్తా పెడితే ఏమవుతుంది? నీలి తీగ ఇవ్వగలిగేది చాలా సెట్లలో కొన్ని వందల మిల్లీ ఆంపియర్లు మాత్రమే. ఏరియల్ మోటారుకో కొన్ని ఆంపియర్లు కావాలి. రిలే అవసరం ఇక్కడే వస్తుంది.

రిలేలో ఇనుప కడ్డీ చుట్టూ సన్నని రాగి తీగచుట్ట ఉంటుంది. చుట్టలో కరెంటు ప్రవహిస్తే కడ్డీ అయస్కాంతమై ఎదుట ఉన్న ఇనుప రేకును లాగుతుంది. 'టిక్'మని రెండు కాంటాక్టులు కలుస్తాయి. కరెంటు ఆగితే స్ప్రింగు రేకును వెనక్కు లాగేస్తుంది. చుట్టకూ కాంటాక్టులకూ మధ్య విద్యుత్ సంబంధమే లేదు. ఉన్నదల్లా అయస్కాంత బలం. అమెరికాలో జోసెఫ్ హెన్రీ 1835లోనే ఇలాంటి ఏర్పాటు చేసి చూపాడు. తర్వాత టెలిగ్రాఫ్ లైన్లలో బలహీనపడిన సంకేతాన్ని కొత్త బాటరీ బలంతో ముందుకు పంపడానికి ఇదే పనికొచ్చింది. అలసిన గుర్రాన్ని విప్పి తాజా గుర్రాన్ని కట్టే పాత పద్ధతి పేరే దీనికీ వచ్చింది.

ఒక చిన్న లెక్క చేద్దాం. కారు రిలే చుట్ట నిరోధం 80 ఓములనుకుంటే, ఓమ్ నియమం ప్రకారం 12ను 80తో భాగించగా 0.15 ఆంపియర్లు. దాని కాంటాక్టులు 30 ఆంపియర్లను మోయగలవు. అంటే 200 రెట్లు!

రిలే అడుగున అంకెలుంటాయి. ఇవి జర్మన్ ప్రమాణాల నుంచి వచ్చినవి. 86కు నీలి తీగ, 85కు కారు బాడీ కలపాలి. 30కి బాటరీ నుంచి ఫ్యూజు మీదుగా వచ్చే తీగ, 87కు మోటారు, ఫాన్లు. 87ఎ అన్నది కూడా ఉంటే, రిలే పనిచేయనప్పుడు 30తో కలిసి ఉండే కొస అది. మనకు దానితో పనిలేదు.

ఇంటర్ విద్యార్థులకు స్వయంప్రేరణ గుర్తుండే ఉంటుంది. చుట్టలో కరెంటు హఠాత్తుగా ఆగితే అయస్కాంత క్షేత్రం కూలిపోయి, వ్యతిరేక దిశలో వంద వోల్టులకు మించిన పోటు పుట్టవచ్చు. సెట్టులోని ట్రాన్సిస్టర్‌కు అదే చాలు. అందుకే 85, 86 మధ్య 1ఎన్4007 వంటి డయోడ్ పెడతారు. దాని చార ఉన్న కొస 86 వైపు ఉండాలి. తిప్పి పెట్టారో, సెట్టు ఆన్ చేసిన క్షణమే నీలి తీగ షార్టవుతుంది.

ఒక్క ఆంప్లిఫయర్ మాత్రమే ఉంటే రిలే దండగ. మేలుకొలుపు కబురుకు అది తీసుకునే కరెంటు రిలే చుట్ట తీసుకునేదానికన్నా తక్కువే. అమ్మేవాడు బలవంతం చేసినా కొననక్కరలేదు.

రిలే ఉంటే ఫ్యూజు ఎందుకని కొందరు వదిలేస్తారు. ఇది ప్రాణాంతకమైన పొరపాటు. రిలే కరెంటును కలుపుతుందే గాని, హద్దు మీరితే ఆపలేదు. బానెట్ కింద తీగ తొడుగు ఇనుప అంచుకు ఒరిసి తెగితే, కారు బాటరీ వందల ఆంపియర్లను దానిలో కుమ్మరిస్తుంది. ఏ 12 వోల్టులే కదా అనుకుంటే పొరపాటు. కాల్చేది కరెంటు. కొద్ది సెకన్లలో తొడుగు అంటుకుంటుంది. ఫ్యూజును బాటరీకి జానెడు దూరంలోనే పెట్టాలి, ఎందుకంటే దానికీ బాటరీకీ మధ్య ఉన్న తీగకు కాపలా లేదు. ఫ్యూజు విలువ ఆ తీగ మోయగలిగిన కరెంటును మించకూడదు. పని మొదలుపెట్టే ముందు బాటరీ నెగెటివ్ కొసను విప్పి పక్కన పెట్టండి.