దాటిపోని ఆపద పేరు కులం

మొయినాబాద్ పరిసరాల్లోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో నేను అధ్యాపకుడిని. గత నెల అక్కడ ఒత్తిడి నివారణపై సదస్సు జరిగింది. నిపుణుడు దీర్ఘశ్వాస గురించి, వేళకు నిద్రపోవడం గురించి చక్కగా చెప్పి, అందరినీ ఐదు నిమిషాలు కళ్లు మూసుకోమన్నాడు. చివరి వరుసలోంచి ఒక యువకుడు లేచి అడిగాడు: “కళ్లు తెరిచేసరికి నా సర్టిఫికెట్లు చేతికొస్తాయా సార్?” హాలంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

అతడు చేవెళ్ల దగ్గరి ఊరి దళితుడు. తల్లి పూలతోటలో కూలి. చదువు పూర్తయినా ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి రాలేదని కార్యాలయం అసలు సర్టిఫికెట్లు ఇవ్వడం లేదు. ఉద్యోగంలో చేరే గడువు ముంచుకొస్తోంది. అక్కడ అతనికి వినిపించే పిలుపు “స్కాలర్‌షిప్ వాళ్లు”. ఆ పిలుపులో కులం పేరు వినబడదు, అర్థం మాత్రం అందరికీ తెలుసు.

ఒత్తిడి శరీర ధర్మం. ఆపద ఎదురైతే అడ్రినలిన్, కార్టిసాల్ విడుదలవుతాయి, గుండె వేగం పెరుగుతుంది. ఆపద దాటాక దేహం కుదుటపడుతుంది. హాని నెలల తరబడి కొనసాగితే తట్టుకునే శక్తి ఉడిగిపోతుందని హాన్స్ సెల్యే 1936లో ఎలుకలపై ప్రయోగాలతో చూపాడు. అంబేద్కర్ ‘కుల నిర్మూలన’ వెలువడిందీ అదే ఏడాది. ఈ రెండింటినీ కలిపి చదవమని నా విద్యార్థులకు చెబుతాను. పరీక్ష దాటిపోతుంది, ఇంటర్వ్యూ దాటిపోతుంది. ర్యాంకు అడిగే సహాధ్యాయి, ఇంటిపేరు ఆరా తీసే ఇంటి యజమాని, ఆఫీసులో కులం కూపీ లాగే పై అధికారి వరుసగా ఎదురవుతూనే ఉంటారు. కులం దాటిపోని ఆపద.

2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేములను పోగొట్టుకున్నాం. ఏడు నెలల ఫెలోషిప్ తనకు రావాల్సి ఉందని అతడు చివరి లేఖలో రాశాడు. బకాయి ప్రభుత్వానికి పద్దు, విద్యార్థికి ప్రాణసంకటం.

2023 ఆగస్టు 26న ఇదే చేవెళ్లలో కాంగ్రెస్ ఎస్సీ, ఎస్టీ డిక్లరేషన్ ప్రకటించింది. ఆ డిసెంబరులోనే అధికారంలోకి వచ్చింది. ఫీజు బకాయిలు గత ప్రభుత్వ కాలం నుంచీ పేరుకున్నవే, నిజమే. వారసత్వంగా వచ్చిన అప్పుకు విద్యార్థి మాత్రం ఎందుకు పూచీ పడాలి?

శ్వాస, నిద్ర, నడక అవసరమే. వాటిని తోసిపుచ్చను. బాధను ఒంటరిగా మోయవద్దు. 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ సలహాదారులు ఉచితంగా మాట్లాడతారు. అవమానం జరిగిన తేదీ, అన్న మాట, విన్నవారి పేర్లు రాసి పెట్టుకోండి. వివక్షపై ఫిర్యాదులు వినే యంత్రాంగం ప్రతి ఉన్నత విద్యాసంస్థలో ఉండాలని యూజీసీ 2012లోనే నిబంధనలు చేసింది. అసలు సర్టిఫికెట్లను సంస్థలు అట్టిపెట్టుకోరాదని 2018లో ఆదేశించింది. అవి అమలు కావాలంటే అడిగేవారు కావాలి, అడిగేవారి పక్కన అధ్యాపకులు నిలబడాలి.

సదస్సు ముగిశాక మేమిద్దరం చెట్టుకింద కూర్చుని ఆ ఆదేశాన్ని ఉటంకిస్తూ అర్జీ రాశాం. జవాబు ఇంకా రాలేదు. సంతకం చేసిన క్షణాన మాత్రం అతడు గుండెనిండా ఊపిరి పీల్చుకున్నాడు.