మీకు తెలుసా? కొండ మీద డేట్ వస్తే...

హైదరాబాద్ పాతబస్తీలోని శాలిబండలో ఏ మెడికల్ షాపుకైనా వెళ్లి ప్యాడ్లు అడగండి. షాపతను ముందు పాత పేపర్లో చుడతాడు, దాని మీద నల్ల కవర్ వేస్తాడు, అప్పుడు గానీ చేతికివ్వడు. గౌలిపురాలో పుట్టి పెరిగినదాన్ని, ఆ నల్ల కవర్‌ను చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను. మూడేళ్ల కింద ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ట్రెక్‌కు పోయినప్పుడు మాత్రం నా బ్యాగులో ఆ కవర్ లేదు. డేట్‌కు ఇంకా వారం ఉంది కదా అన్న ధీమా. రెండో క్యాంపులో, నడిరాత్రి, మంచు మీద వేసిన గుడారంలో కడుపు నొప్పితో మెలకువ వచ్చింది. పక్కన పడుకున్న అమ్మాయి పేరు కూడా నాకు సరిగ్గా తెలియదు. ఒక్క మాట అడక్కుండా తన సంచిలోంచి నాలుగు ప్యాడ్లు తీసి చేతిలో పెట్టింది. ఇంటికొచ్చాక డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్న సంగతులు ఈసారి మీకు చెప్తాను.

ఎత్తుకు పోతే డేట్ కదులుతుంది

నెలసరి ఎప్పుడు రావాలో చెప్పేది అండాశయాలు మాత్రమే కాదు, మెదడులోని హైపోథలమస్ కూడా. చలి, నిద్ర చాలకపోవడం, రోజంతా ఎక్కడం, ముద్ద దిగకపోవడం ఇవన్నీ దాన్ని కదిలిస్తాయి. అందుకే కొండల్లో డేట్ నాలుగు రోజులు ముందే రావచ్చు, వెనక్కి పోవచ్చు, ఆ నెలకు అసలు రాకపోవచ్చు. క్యాలెండర్ ఏం చెప్పినా సరే, ప్యాడ్లు బ్యాగులో ఉండాల్సిందే. రాకపోతే మాత్రం "ఎత్తు వల్లలే" అని వదిలేయకండి, కడుపు నిలిచిందేమో కూడా చూసుకోవాలి. అమర్‌నాథ్ గుహ 3,888 మీటర్ల ఎత్తులో ఉంది. ఆరు వారాలు దాటిన గర్భిణులను ఆ యాత్రకు అనుమతించరు. ఆరు వారాలకు కొందరికి కడుపు నిలిచిన సంగతే తెలియదు. బయల్దేరే ముందు అనుమానం ఉంటే పరీక్ష చేసుకుని కదలడమే మేలు.

చార్మినార్ దగ్గర 98, బేస్ క్యాంపులో 82

నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయని బడిలో చదువుకున్నాం. అది సముద్ర మట్టం దగ్గరి లెక్క. పైకి పోయే కొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున మరిగే వేడి కూడా తగ్గుతుంది. మన చార్మినార్ దగ్గర అది 98 డిగ్రీలకు కాస్త అటూఇటూ. లేహ్ పట్నంలో 88 దాకా. నేపాల్ వైపు ఎవరెస్ట్ బేస్ క్యాంపు 5,364 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ 82 దగ్గరే నీళ్లు తెర్లుతాయి. పప్పు ఎంతసేపైనా ఉడకకపోవడానికి కారణం ఇదే.

మెన్‌స్ట్రువల్ కప్ వాడేవాళ్లకు ఈ లెక్కతో పని ఉంది. కప్‌ను ఇంట్లోనే, బయల్దేరే ముందు రోజు, గిన్నెలో బాగా మరిగించి, ఆరబెట్టి, శుభ్రమైన గుడ్డ సంచిలో పెట్టుకోవాలి. కొండ మీద రోజూ మరిగించాల్సిన పని లేదు. నెలసరి నడుస్తున్న రోజుల్లో తాగే నీళ్లతో కడిగితే చాలు. మరిగించక తప్పని పరిస్థితి వస్తే ఇంట్లో కన్నా ఎక్కువసేపు పొయ్యి మీద ఉంచాలి. తాగే నీళ్లకూ అంతే: 2,000 మీటర్లు దాటాక తెర్లడం మొదలైన తర్వాత మూడు నిమిషాలు ఆగి దించాలి.

కప్‌ను పన్నెండు గంటలకు మించి లోపల ఉంచకూడదు, టాంపన్‌ను ఎనిమిదికి మించి ఉంచకూడదు. చేతుల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. శానిటైజర్ రాసుకున్న వెంటనే కప్ పట్టుకుంటే భగ్గున మంట పుడుతుంది. సబ్బుతో కడుక్కుంటే మంచిది. నీళ్లు గడ్డకట్టి వీలుకాకపోతే శానిటైజర్ పూర్తిగా ఆరేదాకా ఆగాలి. కప్ కొత్త వస్తువు అనుకుంటాం గానీ, అమెరికాలో లియోనా చామర్స్ అనే నటి దానికి 1937లోనే పేటెంట్ తీసుకుంది. ఒక్క మాట: కప్ అలవాటు లేనివాళ్లు మొదటిసారి కొండ మీద ప్రయత్నించవద్దు. ఇంట్లో రెండు మూడు నెలలు వాడి చూశాకే తీసుకెళ్లండి.

నీళ్లు మానేయడమే అన్నిటికన్నా పెద్ద తప్పు

రంజాన్ రాత్రి లాడ్‌బజార్‌లో గాజులు కొనడానికి పోయే ఆడవాళ్లు సాయంత్రం నుంచే నీళ్లు తగ్గిస్తారు. దారిలో బాత్రూం దొరకదని తెలుసు కాబట్టి. మా అమ్మ అదే చేసేది, నేనూ అదే నేర్చుకున్నాను. ఆ అలవాటే కొండ మీదికీ మోసుకెళ్తాం. అక్కడ అది ప్రమాదం.

ఎత్తుకు పోగానే ఊపిరి వేగం పెరుగుతుంది. రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి క్షార గుణం ఎక్కువవుతుంది. దాన్ని సరిచేయడానికి మూత్రపిండాలు బైకార్బొనేట్‌ను మూత్రంతో బయటికి పంపుతాయి. అంటే మాటిమాటికీ మూత్రం రావడం శరీరం ఆ ఎత్తుకు అలవాటు పడుతోందనడానికి గుర్తు. ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ (ఎత్తు పడక వచ్చే జబ్బు) రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర చేసే పని కూడా ఇదే, కాబట్టి అది వేసుకున్నవాళ్లు ఇంకా ఎక్కువసార్లు లేవాల్సి వస్తుంది. ఇలాంటప్పుడు నీళ్లు తాగకపోయినా, బిగబట్టినా మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్ మొదలయ్యే ముప్పు ఉంది. ఒంట్లో నీరు తగ్గి తలనొప్పి వస్తే అది ఎండిపోవడం వల్ల వచ్చిందో, ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ వల్ల వచ్చిందో గైడ్‌కు కూడా అర్థం కాదు.

దీనికి మందు చాలా సులువు. మూతి కాస్త వెడల్పుగా ఉన్న ప్లాస్టిక్ సీసా ఒకటి, నిలబడి పోసుకోవడానికి ఆడవాళ్ల కోసం చేసిన గరాటు ఒకటి. సీసా మీద పెద్దగా గుర్తు పెట్టుకోండి, తాగే సీసాతో కలవకుండా. గరాటును ముందు ఇంట్లో బాత్రూంలో నాలుగైదు సార్లు వాడి అలవాటు చేసుకోవాలి. లేకపోతే మొదటి రోజే ప్యాంటు తడుస్తుంది, ఆ చలిలో ప్యాంటు ఆరదు. చెట్టు లేని చోట, రాయి లేని చోట మనకు అడ్డం మన చున్నీయే. పెద్ద నూలు చున్నీ ఒకటి పెట్టుకెళ్లండి. ఇద్దరు ఆడవాళ్లు చెరో కొస పట్టుకుంటే గది తయారు.

తుడుచుకునేటప్పుడు ఎప్పుడూ ముందు నుంచి వెనక్కి. లోపల సబ్బు, సెంటు వైప్స్ వద్దు, బయట మామూలు నీళ్లు చాలు. వైప్స్ రాత్రికి రాయిలా గడ్డకడతాయి, కాబట్టి పడుకునే ముందు ప్యాకెట్‌ను స్లీపింగ్ బ్యాగులోకి తీసుకోండి.

మాత్ర వేసుకుని ఆపేద్దామా?

పాతబస్తీకి ఈ మాత్ర కొత్త కాదు. హజ్‌కు పోయే ఆడవాళ్లు నెలసరిలో కాబా చుట్టూ తవాఫ్ చేయకూడదన్న నియమం ఉంది కాబట్టి డాక్టర్‌ను అడిగి డేట్ వాయిదా వేసుకుంటారు. ఆషాఢంలో లాల్‌దర్వాజా సింహవాహిని అమ్మవారికి బోనం ఎత్తాల్సిన ఆడపడుచులూ అదే అడుగుతారు. పక్కింటి ఖాలా, మా పెద్దమ్మ ఒకే మాత్ర పేరు చెప్పుకోవడం నేను విన్నాను. అది నోరెథిస్టెరోన్. డేట్‌కు మూడు రోజుల ముందు మొదలుపెడతారు, ఆపిన రెండు మూడు రోజులకు నెలసరి వస్తుంది.

అయితే ఆ అలవాటుతోనే ట్రెక్‌కు ముందు షాపుకు వెళ్లి చీటీ లేకుండా కొనుక్కోవడం సరికాదు. ఈ మాత్రలో కొంత భాగం శరీరంలో ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. ఈస్ట్రోజెన్‌కు రక్తం గడ్డకట్టించే గుణం ఉంది. ఎత్తులో రక్తం మామూలుగానే చిక్కబడుతుంది, ఒంట్లో నీరు తగ్గుతుంది, వాన కురిసినా మంచు పడినా రోజంతా గుడారంలో కదలకుండా కూర్చోవాల్సి వస్తుంది. ఇవన్నీ కలిస్తే కాళ్ల రక్తనాళాల్లో గడ్డ కట్టే ప్రమాదం పెరుగుతుంది. ఇంట్లో ఎవరికైనా అలా గడ్డ కట్టిన చరిత్ర ఉన్నా, సిగరెట్ అలవాటు ఉన్నా, చూపు మసకబారే మైగ్రేన్ ఉన్నా డాక్టర్‌కు ముందే చెప్పాలి. పేట్లబుర్జు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిని మనవాళ్లు జజ్గీఖానా అంటారు, కాన్పుకు తప్ప అటు పోరు. ఆడవాళ్ల డాక్టర్లు అక్కడ ఉన్నారు, ఈ ప్రశ్న వాళ్లను అడగడంలో తప్పే లేదు.

మాత్ర వేసుకున్నా, లేకున్నా, కొండ మీద తలనొప్పి, వాంతి వచ్చినప్పుడు "నెలసరి కదా" అని కొట్టిపారేయవద్దు. అది ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ అనే ముందు అనుకోవాలి. ఇంకా పైకి ఎక్కడం ఆపాలి. తగ్గకపోతే కిందికి దిగాలి.

ఇరానీ చాయ్, ఇనుము

ఎత్తుకు అలవాటు పడాలంటే శరీరం కొత్త ఎర్ర రక్తకణాలు తయారు చేసుకోవాలి. దానికి ఇనుము కావాలి. నెలనెలా రక్తం పోయే ఒంట్లో ఆ నిల్వ తక్కువే ఉంటుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత లెక్క ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే సగానికి పైగా. ట్రెక్‌కు రెండు నెలల ముందే హిమోగ్లోబిన్ చూపించుకుంటే సరిచేసుకునే సమయం ఉంటుంది. వారం ముందు తెలిస్తే చేయగలిగింది చాలా తక్కువ.

మనకు అన్నం తిన్న వెంటనే చాయ్ కావాలి. టీలోని టానిన్లు తిండిలోని ఇనుమును పట్టేసి ఒంటికి పట్టనివ్వవు. చాయ్ మానక్కర్లేదు, తిండికీ చాయ్‌కీ మధ్య గంట ఎడం ఇస్తే చాలు. తోటకూర, పప్పు మీద నిమ్మకాయ పిండుకుంటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది.

నల్ల కవర్‌కు అసలు పని కొండ మీదే

ప్యాడ్ పైపొర, అడుగుపొర ప్లాస్టిక్, మధ్యలో తడి పీల్చే జెల్. పాతిపెట్టినా మట్టిలో కలవదు. మంచు ప్రాంతంలో సూక్ష్మజీవులు నెమ్మదిగా పనిచేస్తాయి కాబట్టి ఏ చెత్తైనా ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటుంది. రాళ్ల కింద దాచిన ప్యాడ్ మంచు కరిగితే వాగులోకి వస్తుంది, ఆ వాగు నీళ్లు కింది ఊరివాళ్లు తాగుతారు. కేదార్‌కంఠ దారిలో ఒక బండ పక్కన అలాంటివి రెండు చూశాను. వేసినవాళ్లను తిట్టుకోలేదు. ఎక్కడ వేయాలో వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు.

కాబట్టి ఎంత తీసుకెళ్లామో అంతా వెనక్కి తేవాలి. వాడిన ప్యాడ్‌ను చుట్టి, జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో వేసి, ఒక చెంచా పొడి చాయ్‌పత్తా చల్లండి, వాసన పీల్చేస్తుంది. దాని మీద నల్ల కవర్. ఎవరెస్ట్ బేస్ క్యాంపు ఉన్న ఖుంబు పాసంగ్ ల్హాము గ్రామీణ పాలిక 2024లో, పర్వతారోహకులు తమ మలాన్ని కూడా సంచుల్లో వెనక్కి తేవాలని నియమం పెట్టింది. దాని ముందు మన ప్యాడ్ బరువెంత? ఇంటికొచ్చాక కూడా విప్పకుండా, విడిగా చుట్టి చెత్త బండికి ఇవ్వాలి.

ఎలుగుబంటి వాసన పట్టి వస్తుందా?

నెలసరిలో అడవికీ గుట్టకూ పోవద్దని, జంతువులు వాసన పట్టి వస్తాయని మా నానమ్మ గట్టిగా నమ్మేది. అమెరికాలో కూడా 1967లో గ్లేసియర్ నేషనల్ పార్క్‌లో ఇద్దరు యువతులు ఎలుగుబంట్ల దాడిలో చనిపోయాక ఇదే మాట బాగా పాకింది. తర్వాత ఎల్లోస్టోన్ పార్క్ అధికారులు తమ దగ్గర జరిగిన దాడుల వివరాలన్నీ పరిశీలించారు. నెలసరికీ దాడులకూ సంబంధం కనిపించలేదు. జంతువును పిలిచేది గుడారంలో పెట్టుకున్న తిండి.

వారానికి వంద

1983లో అంతరిక్షానికి వెళ్లిన మొదటి అమెరికన్ మహిళ సాలీ రైడ్‌ను నాసా ఇంజినీర్లు వారం ప్రయాణానికి వంద టాంపన్లు చాలుతాయా అని అడిగారు. అంత పెద్ద చదువులు చదివినవాళ్లకు తెలియలేదంటే ఇంట్లో, బడిలో, ఆఫీసులో ఎవరూ వాళ్లతో ఈ మాట మాట్లాడలేదనే కదా అర్థం. మన ట్రెక్ గైడ్ కుర్రాడి పరిస్థితీ అదే. కేదార్‌కంఠలో ఆ రాత్రి గడిచి తెల్లారాక నేను మా గైడ్‌తో "భయ్యా, పీరియడ్స్ వచ్చాయి, రెండు గంటలకోసారి ఐదు నిమిషాలు ఆగాలి" అని చెప్పాను. అతను తలూపి, చోటు చూసి ఆపుతూ తీసుకెళ్లాడు. అంతే. శిఖరం దాకా ఎక్కాను.

భువనగిరి బండ, చార్మినార్ నుంచి సుమారు యాభై కిలోమీటర్లు

నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామంలో పుట్టిన మాలావత్ పూర్ణ, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ, మొదట భువనగిరి బండ మీద తాడు పట్టుకోవడం నేర్చుకుంది. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. నేపాల్ పదహారేళ్లు నిండనివాళ్లకు అనుమతి ఇవ్వదు కాబట్టి టిబెట్ వైపు నుంచి ఎక్కాల్సి వచ్చింది. ఈ రోజుకీ భువనగిరి బండ మీద శిక్షణకు ఆడపిల్లలు వస్తున్నారు. వాళ్లలో చాలామందిది సరిగ్గా నెలసరి మొదలయ్యే వయసు. పిల్లలను గుట్టలకు, కొండలకు తీసుకెళ్లే టీచర్లకు, కోచ్‌లకు, ట్రెక్ నడిపేవాళ్లకు ఒక్కటే అడుగుతున్నాను: ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో బ్యాండేజీ పక్కనే ఒక ప్యాడ్ల ప్యాకెట్ పెట్టండి. అది అక్కడ ఉందని మొదటి రోజే అందరికీ, మగపిల్లలకు కూడా, గట్టిగా చెప్పండి.