వద్దన్నది ఎవరు?

అమెరికాలో ఒకామె. వయసు 55 దాటింది. పాఠాలు చెప్పే అర్హత ఉంది.

2020లో ఒక కంపెనీకి టీచర్లు కావలసి వచ్చారు. చైనాలోని వారికి కంప్యూటర్ ద్వారా ఇంగ్లీషు నేర్పాలి. ఆమె దరఖాస్తు పెట్టింది. వెంటనే "వద్దు" అని జవాబు వచ్చింది.

ఆమెకు అనుమానం కలిగింది. మర్నాడు మళ్లీ దరఖాస్తు పెట్టింది. అన్నీ పాత వివరాలే. పుట్టిన తేదీ ఒక్కటే మార్చింది. వయసు తగ్గించి రాసింది. ఈసారి ఇంటర్వ్యూకి రమ్మన్నారు!

సంగతి ప్రభుత్వ కమిషన్ దాకా వెళ్లింది. దరఖాస్తులను ఏరేది కంప్యూటరట. ఆడవాళ్లకు 55, మగవాళ్లకు 60 ఏళ్లు నిండితే తీసెయ్యమని దానికి ముందే చెప్పిపెట్టారట. అలా 200 మందికి పైగా నష్టపోయారని కమిషన్ చెప్పింది.

40 ఏళ్లు నిండినవారిని వయసు చూసి పనికి వద్దనకూడదు. ఇది అక్కడి 1967 నాటి చట్టం. కమిషన్ 2022లో కోర్టుకు వెళ్లింది. తప్పు చేయలేదని కంపెనీ వాదించింది. చివరికి 2023లో రాజీపడింది. నష్టపోయినవారికి 3,65,000 డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది.

కంప్యూటర్ చెప్పినట్టు చేస్తుంది. చెప్పేది మనిషే. జవాబు చెప్పాల్సిందీ మనిషే.

"వద్దు" అంటే ఆమె ఊరుకోలేదు. "ఎందుకు?" అనుకుంది. ఆ ఒక్క మాటే 200 మందికి న్యాయం తెచ్చింది.