ఫోన్‌లో తెలుగు వెబ్‌కామిక్: బొమ్మ ఓకే, వత్తుల సంగతేంటి?
అనంతపురంలో శనక్కాయ పంట ఎండిపోయిన కథని ఫోన్‌లోనే కామిక్‌గా గీయొచ్చు. ఐబిస్ పెయింట్ లాంటి ఉచిత యాప్ చాలు. చిక్కంతా డైలాగుల దగ్గరే.

'రాష్ట్రం' అని రాస్తే వత్తులు కిందికి దిగి తర్వాతి లైన్‌కి తగులుతాయి. పైగా వెబ్‌టూన్ కాన్వాస్‌లో పేజీ అంటే 800 పిక్సెల్స్ వెడల్పు, గరిష్ఠంగా 1280 ఎత్తు ఉన్న ఇమేజ్. అందులో చదివేవాళ్లు ఫాంట్ సైజు మార్చుకోలేరు.

అందుకే లైన్ల మధ్య ఖాళీ పెంచండి. ఒక్కో బెలూన్‌లో రెండు మూడు లైన్లే పెట్టండి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర ఉచితం.

పోస్ట్ చేసే ముందు ఇంట్లో పెద్దవాళ్లకి ఫోన్ ఇచ్చి చదవమనండి. శనక్కాయ వేసిన మనిషే చదవలేకపోతే ఆ కథ ఎవరికోసం?