పండు గొప్పదా? సంగటి గొప్పదా?



“పండు తింటే బలమా, సంగటి తింటే బలమా అప్పా?” అని మన పల్లెల్లో రచ్చకట్ట మీద వాదులాడుకోవడం కద్దు. ఎద్దు గొప్పదా, బండి గొప్పదా అని అడిగినట్లుంటుంది ఈ ప్రశ్న. దేని పని దానిదే. ఆ పనులేవో ఈనాడు తెలుసుకొందాము.

ముందు ధాన్యం సంగతి. జొన్న, కొర్ర, సజ్జ, రాగి - ఇవి వాన తక్కువైన మన కర్నూలు, కడప నేలలకు తగిన పంటలు. ఎండిన గింజలో నీరు నూటికి పది పన్నెండు పాళ్లే. అందుచేత 100 గ్రాముల జొన్నలలో సుమారు 340 కేలరీల శక్తి, 10 గ్రాముల మాంసకృత్తులు ఉంటవి. సజ్జలలో ఇనుము మెండు. 100 గ్రాముల రాగులలో కాల్షియం అనే సున్నపు ధాతువు సుమారు 350 మిల్లీగ్రాములు. తెల్ల బియ్యంలో అది 10 మిల్లీగ్రాములకు అటూ ఇటూ మాత్రమే.

ఇక పండు మాట. జామ, బొప్పాయి, చీనీ - వీటిలో నూటికి 80 పాళ్లకు మించి నీరే. జొన్నలతో సమానంగా జామపండు తూచి తిన్నా, శక్తి అందులో ఐదోవంతుకు మించదు. మడక పట్టేవానికి పండ్లతో కడుపు నిండదన్నమాట నిజమే. అయితే ఎండుగింజలో బొత్తిగా లేని సి విటమిను 100 గ్రాముల జామలో 200 మిల్లీగ్రాములకు పైగా కలదు. బనగానపల్లె పేరు మోసిన మామిడిలోనూ, బొప్పాయిలోనూ కంటిచూపును కాపాడే ఎ విటమినుకు మూలమైన కెరోటిను కలదు.

అసలు కిటుకు ఇక్కడున్నది. గింజలోని ఇనుము ఒంటికి సులభంగా పట్టదు. పైపొరలోని ఫైటిక్ ఆమ్లం దానిని కట్టిపడేస్తుంది. అదే పూటలో జామకాయో, ఉసిరికాయో, చీనీకాయో తింటే, సి విటమిను ఆ ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. తిన్న వెంటనే టీ తాగితే పట్టేది కూడా పట్టదు. రాగులను నానబెట్టి మొలకగట్టినా మేలే. రక్తం తక్కువై నీరసించే ఆడవారికి, ఎదిగే పిల్లలకు ఈ సంగతి ముఖ్యం.

1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. ఆకలి తీరింది, సంతోషమే. కానీ కొర్రన్నం, రొట్టె వెనుకబడినవి. నంద్యాల పరిశోధనా కేంద్రం సూర్యనంది వంటి మంచి కొర్ర రకాలను ఇచ్చినా, పండిన గింజ బస్తాలకెక్కి పోతున్నది. చీనీ తోట ఉన్న ఇంట్లోనే పిల్లవాని చేతిలో చీనీకాయ కనబడదు! అమ్ముకోవద్దని మేము చెప్పము. అప్పులూ ఖర్చులూ ఉంటవి. ఇంటికని ఒక గంప, ఒక మూట ముందే తీసిపెట్టండి. మచ్చపడి ధర పలకని కాయలో కూడా సత్తువ ఉంటుంది. కుళ్లినది మాత్రం పారవేయవలెను.

మరొక రెండు మాటలు. కొర్రలను తెల్లగా పాలిషు పట్టించవద్దు. తవుడుతోపాటు బి విటమినులు, పీచు పోతవి. పండును రసం తీయక కొరికి తినండి. చక్కెర జబ్బు ఉన్నవారు ఏ పండు ఎంత తినవచ్చునో డాక్టరును అడగవలెను.

కాబట్టి అమ్మా, సంగటి ముద్ద పక్కన పప్పు ఉండనీ, చివర ఒక జామకాయ ఉండనీ. బండికి ఎద్దు కట్టినట్లే!